పుచ్చ తోటకు క్రాప్ కవర్: వేసే రోజు, తీసే రోజు
(రైతు వేదికలో లబ్ధిదారులకు చెప్పిన మాటల పాఠం)



పుచ్చకాయకు ధర పలికేది ఎండలు మొదలయ్యే రోజుల్లో, రంజాన్ నెలలో. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు చలి వదిలే రోజుల్లోకి వచ్చింది. ఆ నెలకు కాయ కోయాలంటే డిసెంబరు చలిలోనే మొక్క పెరగాలి. ఆదిలాబాద్ వైపు ఆ రోజుల్లో రాత్రి చలి 10 డిగ్రీల లోపుకు కూడా పడిపోతుంది. చలికి మొక్క ముడుచుకుపోతుంది. అందుకే వరుస మీద చిన్న గుడారంలా కవర్ వేసుకోవాలి.

ముందుగా కాగితం పని. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద ప్లాస్టిక్ టన్నెల్‌కు, మల్చింగ్‌కు సాయం ఉంది. 50 శాతం సబ్సిడీ అంటే బిల్లులో సగం అనుకోకండి. ప్రభుత్వం నిర్ణయించిన యూనిట్ ధరలో సగం. ఉదాహరణకు యూనిట్ ధర ప్రకారం 40 వేలు అయి, మీ బిల్లు 50 వేలు అయితే, వచ్చేది 20 వేలు. మిగతా 30 వేలు మీరే పెట్టుకోవాలి. మంజూరు పత్రం చేతికి వచ్చాకే సామాను కొనండి. జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోండి. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, దానికి లింకైన బ్యాంకు ఖాతా సిద్ధంగా పెట్టుకోండి. ఈ ఏడాది రేట్లు, విస్తీర్ణం పరిమితి, మీరు కొనే రకం కవర్‌కు సబ్సిడీ వర్తిస్తుందా అన్నది మీ ఉద్యాన అధికారిని ముందే అడగండి.

ఇక పొలం పని. ఎత్తు బెడ్డు చేసి, డ్రిప్పు పైపు, మల్చింగ్ షీటు ముందే పరవండి. గింజ నేరుగా వేస్తే చల్లటి నేలలో సరిగా మొలవదు. ట్రేలలో పెంచిన నారు నాటడం మేలు. వెదురు బద్దలు గానీ, జీఐ తీగ గానీ విల్లులా వంచి వరుస పొడవునా గుచ్చండి. పైన కవర్ కప్పి, అంచులు రెండువైపులా మట్టితో మూసేయండి. సందు ఉంటే గాలికి లేచిపోతుంది, పురుగూ దూరుతుంది.

మన ఎండకు పాలిథిన్ కన్నా నాన్-వోవెన్ గుడ్డ కవర్ సుఖం. దాంట్లో గాలి ఆడుతుంది. పాలిథిన్ వేస్తే పొద్దెక్కగానే చివరలు తెరవాలి, లేకుంటే లోపల మొక్క ఉడికిపోతుంది. చలి ఆపడం ఒక్కటే కాదు, తెల్లదోమ, పేనుబంక, తామర పురుగులను కూడా కవర్ అడ్డుకుంటుంది. వైరస్ తెగుళ్లు మోసుకొచ్చేవి అవే.

అసలు జాగ్రత్త ఇక్కడ ఉంది. పుచ్చకు కాయ కట్టాలంటే తేనెటీగ పువ్వు మీద వాలాలి. కవర్ ఉంటే అది లోపలికి రాలేదు. ముందు మగపూలు వస్తాయి, కొన్ని రోజులకు ఆడపూలు వస్తాయి. పువ్వు వెనుక చిన్న పిందె కనబడితే అది ఆడపువ్వు. అది కనబడగానే సాయంత్రం పూట కవర్ తీసేయండి. ఆలస్యమైతే తొలి పూలు రాలిపోతాయి. ముందు కోయాల్సిన కాయ వెనకబడుతుంది, పెట్టిన ఖర్చుకు అర్థం ఉండదు.

కొందరు "సార్ ఇంకా చూడలేదు, ఫొటో తీయలేదు, తీస్తే సబ్సిడీ పోతుందేమో" అని కవర్ అలాగే ఉంచేస్తారు. అలా చేయకండి. కవర్ వేసిన రోజే అధికారికి ఫోన్ చేసి తనిఖీకి పిలవండి. తీసే రోజు దగ్గర పడుతుంటే మళ్లీ గుర్తు చేయండి. ఆడపువ్వు మాత్రం తనిఖీ కోసం ఆగదు.

కవర్ తీశాక పొద్దున పూట పురుగుమందు కొట్టకండి, తేనెటీగలు తిరిగే వేళ అది. తప్పనిసరైతే సాయంత్రమే కొట్టండి. తీసిన కవర్ దులిపి, నీడలో మడిచి దాచుకోండి. చిరగకపోతే మరో పంటకు పనికొస్తుంది.

సందేహం ఉంటే కొనకముందే అడగండి. కొన్నాక అడిగితే మేమూ ఏమీ చేయలేం.