పెరుగుచున్న ఊరు, మందగించిన విక్రయము

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున, ఉద్యోగవిరమణ చేసిన వయోధికుల కొఱకు నిర్మింపబడిన ‘ది విలేజెస్’ అను పట్టణము కలదు. 2010–2020 దశకమున ఆ దేశమందు అత్యంత వేగముగా జనాభా పెరిగిన నగరప్రాంతము అదియే. అయినను 2023లో అచట కొత్త యిండ్ల విక్రయము మందగించినది. కారణమేమి? అచటికి వచ్చు వృద్ధులలో పలువురు ముందుగా స్వస్థలమందలి పాత యింటిని అమ్ముకొని, ఆ ధనముతోనే కొత్త గృహమును కొందురు. 2021లో సుమారు 3 శాతముండిన గృహఋణపు వడ్డీ రెండేండ్లలో 7 శాతమునకు చేరగా, ఆ పాత యిండ్లను కొనువారే తగ్గిరి. పాతది అమ్ముడుపోనిదే కొత్తది కొనలేరు గదా! కావున జనము పెరిగినంత మాత్రమున అమ్మకము పెరుగదు. విశ్రాంత జీవనమునకై ఇల్లు మారదలచిన పెద్దలారా, పాత యిల్లు అమ్ముడుపోకమునుపు కొత్తదానికి బయానా ఇయ్యకుడు.