నాలుగు పదాలిచ్చి చూడండి
(కార్మిక రచయితల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన బులెటిన్‌కు వచ్చే కవితలలో రక్తం, జ్వాల, ఉషోదయం లేనివి అరుదు. ప్రమాదంలో మరణించిన సహచరునిపై ఒక మిత్రుడు పంపిన కవితలోనూ అవే ఉన్నవి. మరణించిన మనిషి మాత్రం కానరాలేదు.

అష్టావధానంలో దత్తపది అనే అంశమున్నది. పృచ్ఛకుడు నాలుగు పదాలిస్తాడు; వాటిని ఇమిడ్చి, అడిగిన విషయంపై అవధాని పద్యం చెప్పవలెను. నిషిద్ధాక్షరిలోనైతే అవధాని ఒక్కొక్క అక్షరం పలుకుతుండగా, తరువాత ఏది రాకూడదో పృచ్ఛకుడు నిషేధిస్తాడు. తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రదర్శించిన ఈ విద్యను పండితులదని మనం వదిలివేశాము. అది తొందరపాటని మా అభిప్రాయం.

ఈ రెండింటినీ కలిపి ఆ మిత్రునికి నాలుగు పదాలిచ్చాము: టిఫిన్ క్యారియర్, గేట్‌పాస్, నైట్ షిఫ్టు, సైకిలు. రక్తాన్నీ జ్వాలనూ నిషేధించాము. (ఉషోదయాన్ని కూడా, అందుకు కొంత నొచ్చుకున్నాడు.) వారం తరువాత ఆరు పంక్తులు తెచ్చాడు. స్టాండులో తాళం వేసిన సైకిలు. తాళంచెవి ఎవరివద్దా లేదు. చదువుతూ మధ్యలో ఆగిపోయాడు.

ఇక కాగితాలు తీయండి. పనిలో రోజూ మీ చేతికి తగిలే నాలుగు వస్తువుల పేర్లు రాసి పక్కవారికివ్వండి. వారు రాసినవి మీరు తీసుకోండి. అరగంట వ్యవధి ఉన్నది.