పొదుపు సొమ్మునకు గ్రంథాలయము కావలి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదు వత్సరములుగా మన గ్రంథాలయము పురాణములను, ప్రబంధములను, నవలలను, దినపత్రికలను మనకందించుచున్నది. ఆ సేవను కొనియాడుటకు నాకంటె సమర్థులు ఈ వేదికపై నున్నారు. నేను ఊరి లెక్కలు వ్రాసి జీవించువాడను గనుక, లెక్కలకు సంబంధించిన విషయమునే మనవి చేసెదను. వ్యాపార సంస్థలను, పరిశ్రమలను గూర్చి తెలిసికొనుటకు గ్రంథాలయము ఎట్లు తోడ్పడును?

ఇది పట్టణవాసులకు మాత్రమే కావలసిన విద్య యని తలంపవలదు. పంట అమ్ముడై నాలుగు రూకలు చేతిలో నిలిచిననాడే రంగుల కరపత్రములతో ఏజెంట్లు మన అరుగులమీదికి వత్తురు. ఐదేండ్లలో సొమ్ము రెట్టింపగునందురు. ఆ సొమ్మో, ఆడపిల్ల పెండ్లికనియో ముదిమికనియో దాచుకొన్నది. ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించి, నడిపించి చూచెడి మనము, కంపెనీకి సొమ్మిచ్చునపుడు కరపత్రములోని బొమ్మను చూచి తృప్తిపడవచ్చునా?

కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజధనమును అపహరించు ఉపాయములు నలువది యని చెప్పబడినది. చిరకాలము మరుగున పడియున్న ఆ గ్రంథపు ప్రతిని 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున ఆర్. శామశాస్త్రిగారు గుర్తించి, 1909లో ముద్రింపించిరి. లెక్కలలో మోసము క్రొత్త కాదు. దానిని పట్టు విద్యయు క్రొత్త కాదు. ఆ విద్య మనకు మరల దక్కినది గ్రంథాలయమునందే.

మొదట అడుగవలసిన ప్రశ్న: ఈ సంస్థకు ప్రజలనుండి సొమ్ము సేకరించు అధికారము కలదా? ఏజెంటు నమోదుపత్రమును చూపును. అది జననపత్రము వంటిది. బిడ్డ పుట్టెనని చెప్పును గాని గుణవంతుడని చెప్పదు. నమోదు వేరు, డిపాజిట్లు తీసికొను అనుమతి వేరు. డిపాజిట్లు స్వీకరించు అనుమతిగల బ్యాంకేతర ఆర్థిక సంస్థల పట్టికను రిజర్వు బ్యాంకు ప్రకటించును. పలువురి సొమ్ము పోగుచేసి భూములపైనో తోటలపైనో పెట్టి లాభము పంచెదమను సామూహిక పెట్టుబడి పథకములు సెబీ వద్ద నమోదు కావలెను. ఈ వివరములు అంతర్జాలమున ఉచితముగ లభించును.

రెండవది వార్షిక నివేదిక. స్టాకు ఎక్స్ఛేంజీలో వాటాలు చెలామణియగు కంపెనీల నివేదికలను ఆ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఎవరైనను చదువవచ్చును. తక్కిన కంపెనీలు రిజిస్ట్రారునకు దాఖలుచేసిన పత్రములను స్వల్ప రుసుము చెల్లించి చూడవచ్చును. నివేదికను మొదటి పుటనుండి చదువనక్కరలేదు. అచ్చట ఛాయాచిత్రములును, అధ్యక్షుని ఆశాభాషణములును ఉండును. తొలుత ఆడిటరు నివేదికను చదువుడు. “ఈ విషయము మినహా” యని ఆయన వ్రాసిన చోట ఆగుడు. పిదప లెక్కల వెనుకనుండు వివరణలను చూడుడు. యజమానుల బంధువర్గపు సంస్థలతో జరిపిన లావాదేవీలు, కోర్టు వ్యాజ్యములు, ఇతరుల అప్పులకిచ్చిన హామీలు అచ్చటనే యుండును.

అటుపై నగదు రాకపోకల పట్టిక. నూరు బస్తాల ధాన్యమును అరువునకమ్మిన రైతుకు చిట్టాలో లాభమున్నది గాని పెట్టెలో పైకము లేదు. కంపెనీయు నంతే. ఐదేండ్ల లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడుడు. ఏటేట లాభము పెరుగుచు, వ్యాపారమువలన వచ్చు నగదు మాత్రము పెరుగకున్నచో, ఆ లాభము ఎచ్చటనున్నదని అడుగవలెను.

మూడవది పరిశ్రమ స్థితి. చక్కెర మిల్లు బాగోగులు దాని యజమానిపై మాత్రమే ఆధారపడవు. వానలు, చెరకు దిగుబడి, కేంద్రప్రభుత్వము నిర్ణయించు చెరకు ధర, చక్కెర ధర ఇవన్నియు దానిని నడిపించును. కేంద్ర గణాంకశాఖవారి పరిశ్రమల వార్షిక సర్వే, జనాభా లెక్కల జిల్లా గ్రంథములు ఇందుకు పనికివచ్చును. అయితే గ్రంథము అచ్చయిన సంవత్సరమును తప్పక చూడవలెను. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పాత డైరెక్టరీని మాత్రమే చూచువాడు నేడు లేని ఇంటి తలుపు తట్టును.

ఇంత చదివినను మోసపోవచ్చునా? పోవచ్చును. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సే దృష్టాంతము. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు లేనేలేవని దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు 2009 జనవరి 7 నాటి లేఖలో ఒప్పుకొనెను. ఆ త్రైమాసికమున 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభము నిజమునకు 61 కోట్లే. ఏటేటి లెక్కలపై ఆడిటర్ల సంతకములుండెను. ఐనను గుర్తులు లేకపోలేదు. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ తన అధ్యక్షుని కుటుంబమునకు చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనబూని, వాటాదారులు ఎదురుతిరుగగా విరమించుకొన్నది. సాఫ్టువేరు కంపెనీకి భూముల వ్యాపారమేల? ఆ ప్రశ్నకు తావిచ్చిన వార్త మూడు వారముల ముందే పత్రికలలో నుండెను.

కావున ఒక్క సాక్షిని నమ్మరాదు. వార్షిక నివేదిక ఒక సాక్షి, పత్రిక రెండవది, పరిశ్రమ గణాంకములు మూడవది. మూడు సాక్ష్యములును కలియనిచోట మూట విప్పరాదు.

కార్యవర్గమువారికి ఒక్క విన్నపము. పాత పత్రికలను తూకమునకమ్ముటకు ముందు వాణిజ్యపు పుటలను కత్తిరించి, కంపెనీ పేరువారీగా దస్త్రములలో అంటింపుడు. ఉన్నత పాఠశాల బాలబాలికలు ఈ పని సంతోషముతో చేయగలరు. 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలను భద్రపరచి పరిశోధకులకు పెన్నిధియైనది. అంతటి భాగ్యము మనకు లేకున్నను, ఒక అలమారలో ఒక అర చాలును. ఏజెంటు అరుగెక్కినపుడు, “గ్రంథాలయమున చూచి రేపు చెప్పెద”మని మన ఊరివారనగలిగిననాడు ఈ రజతోత్సవము సార్థకమగును.