పరిశ్రమల ప్రాంతానికి బస్సు దారి — డెట్రాయిట్ చెప్పే పాఠం

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "ప్రయాణ సౌకర్యాల మీద ఖర్చు, పరిశ్రమల పునరుద్ధరణ". ఇంత పెద్ద విషయాన్ని అరగంటలో చెప్పాలంటే ఏదో ఒక ఊరిని పట్టుకుని చెప్పడమే మేలనిపించింది. అందుకని అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరాన్ని ఎంచుకున్నాను. "ఎక్కడి డెట్రాయిట్, ఎక్కడి మనం?" అని మీరనవచ్చు. ఆ ఊరి చుట్టుపక్కల నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి పట్టణాల్లో ఇవాళ మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఇక ముస్లిములకు ఆ ఊరితో సంబంధం నూరేళ్ళ పైమాటే. అదెలాగో ముందు చెబుతాను.

1913లో ఫోర్డు కంపెనీ, హైలాండ్ పార్క్ అనే చోట తన ఫ్యాక్టరీలో, కదిలే పట్టీ మీద కార్లు బిగించే పద్ధతి మొదలుపెట్టింది. మరుసటి జనవరిలో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించింది. ఆ రోజుల్లో అది మామూలు కూలికి దాదాపు రెట్టింపు. ఆ కబురు విని దేశదేశాల నుంచి జనం వచ్చిపడ్డారు. వారిలో సిరియా, లెబనాన్, టర్కీ ప్రాంతాల ముస్లిములు కూడా ఉన్నారు. 1921లో ఆ హైలాండ్ పార్క్‌లోనే, ఫ్యాక్టరీకి దగ్గర్లో, ఒక మసీదు వెలిసింది. అమెరికాలో మసీదు కోసమనే కట్టిన మొదటి కట్టడాల్లో అదొకటని చెబుతారు. తరువాత ఫోర్డు కంపెనీ పని డియర్‌బోర్న్‌లోని రూజ్ ఫ్యాక్టరీకి మారింది. పనివాళ్ళూ దాని వెంటే ఆ ఊరికి మారారు. పని ఎక్కడుంటే మనిషి అక్కడికి పోతాడన్నది ఎంత పాత మాటో చూడండి.

మరి ఆ కార్మికుడు ఫ్యాక్టరీకి దేనిమీద వెళ్ళేవాడు? చాలామంది వెళ్ళింది తాము తయారుచేసే కారు మీద కాదు, ట్రాము మీద. 1922లో నగరపాలక సంస్థే ట్రాములను స్వాధీనం చేసుకుని నడిపింది. క్రమంగా కార్లు పెరిగాయి, రోడ్లు వెడల్పయ్యాయి, ట్రాము లైన్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1956 ఏప్రిల్ 8న వుడ్‌వర్డ్ రోడ్డు మీద ఆఖరి ట్రాము నడిచింది. పనికొచ్చే బండ్లను మెక్సికో నగరానికి అమ్మేశారు.

అప్పటికే ఫ్యాక్టరీలు ఊరు విడిచి శివార్లకూ, దూర రాష్ట్రాలకూ పోవడం మొదలయింది. వాటి వెంట తెల్లజాతి కుటుంబాలు శివారు పట్టణాలకు తరలిపోయాయి. 1967 జూలైలో జరిగిన అల్లర్లలో 43 మంది చనిపోయారు. ఆ తర్వాత ఈ వలస మరీ ఎక్కువయింది. 1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల 49 వేలు. 2020లో 6 లక్షల 39 వేలు. ఊళ్ళో మిగిలినవారిలో అత్యధికులు నల్లజాతివారు, వారిలో చాలామంది బీదవారు. పని శివార్లకు పోయింది, పనివాడు ఊళ్ళో ఉండిపోయాడు. నడుమ 15 మైళ్ళు, 20 మైళ్ళు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. అసలు కథంతా ఈ దూరంలోనే ఉంది.

మరి ప్రభుత్వాలు డబ్బు ఖర్చుపెట్టలేదా అంటే, పెట్టాయి. ఎక్కడ పెట్టాయో చూద్దాం.

1976లో ప్రెసిడెంటు జెరాల్డ్ ఫోర్డ్ ఈ ప్రాంతపు రవాణాకు 60 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. ఈయన మిషిగన్‌లో పెరిగినవారే, కార్ల ఫోర్డుకు మాత్రం చుట్టం కాదు. ఇంట్లో పెళ్ళికి డబ్బు సమకూరాక అన్నదమ్ములు ముహూర్తం దగ్గర తగువుపడ్డట్టయింది. భూగర్భ రైలు కావాలని నగరం, అక్కర్లేదని శివార్లు. డెట్రాయిట్ మేయరు కోల్‌మన్ యంగ్ ఒక పక్క, శివారు నాయకులు ఇంకో పక్క. ఏళ్ళు గడిచాయి. ఆ సొమ్ములో చాలా భాగం అందకుండానే పోయింది. చివరకు మిగిలిందల్లా 1987లో ప్రారంభమైన "పీపుల్ మూవర్" అనే చిన్న రైలు. నగరం నడిబొడ్డున 2.9 మైళ్ళ చుట్టు, ఒకే దిక్కుగా తిరుగుతుంది. దానికి సుమారు 20 కోట్ల డాలర్లయింది. పెద్ద రైలు దిగినవారిని ఆఫీసుల దాకా చేర్చడానికని వేసిన ప్లాను అది. పెద్ద రైలు రానేలేదు, చిన్న రైలు మాత్రం తిరుగుతూనే ఉంది.

తరువాత 2017 మే నెలలో వుడ్‌వర్డ్ రోడ్డు మీద "క్యూలైన్" అనే కొత్త ట్రాము వచ్చింది. 3.3 మైళ్ళు, సుమారు 14 కోట్ల డాలర్లు. ఇందులో ఎక్కువ భాగం కంపెనీలూ, ధర్మసంస్థలూ ఇచ్చినదే. దీని మీద ఆ ఊరివాళ్ళలో రెండు అభిప్రాయాలున్నాయి. కొందరు, "ఈ లైను పక్కన కొత్త కట్టడాలు లేచాయి, మూతపడ్డ దుకాణాలు తెరిచారు, పెట్టుబడి పెట్టేవాడికి ధైర్యం వచ్చింది" అంటారు. ఇంకొందరు, "ఇది స్టేడియానికి వచ్చేవాళ్ళ ట్రాము. మా పేటకు రాదు, మా ఫ్యాక్టరీకి పోదు. ఎవడైనా పట్టాల మీద కారు నిలిపితే కదలనే కదలదు" అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. కట్టడాలు లేచిన మాట నిజం. ఆ పేటవాడి ఉద్యోగం దగ్గరకాలేదన్నదీ నిజమే.

ఇక బస్సుల సంగతి. అక్కడ నగరానికొక బస్సు సంస్థ, శివార్లకింకొకటి. శివారు సంస్థ పేరు "స్మార్ట్". చాలా పట్టణాలకు "మాకీ బస్సులు వద్దు, పన్నూ వద్దు" అని తప్పుకునే వీలుండేది. నోవై, లివోనియా, రోచెస్టర్ హిల్స్ అలా తప్పుకున్నవే. అంటే బస్సు ఒక ఊరి పొలిమేర దాకా పోతుంది, పక్క ఊళ్ళో ఆగదు, ఆ పై ఊళ్ళో మళ్ళీ ఆగుతుంది. ఫ్యాక్టరీ ఆ నడిమి ఊళ్ళో ఉంటే పనివాడి గతేమిటి? కారు కొనుక్కోమంటారు. డెట్రాయిట్‌లో కారు ఇన్సూరెన్సు ఖర్చు దేశంలోనే అత్యధికమైన వాటిలో ఒకటి. నాలుగిళ్ళలో దాదాపు ఒక ఇంట కారే లేదని 2010 తర్వాతి లెక్కలు చెప్పాయి. కార్ల రాజధాని అని పేరుపడ్డ ఊరు అది!

2013 జూలై 18న ఆ నగరం దివాలా పిటిషన్ వేసింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో దాన్నుంచి బయటపడింది. దివాలాకు ముందే, 2012 డిసెంబరులో, నాలుగు కౌంటీలకు కలిపి ఒక ప్రాంతీయ రవాణా సంస్థను చట్టరీత్యా ఏర్పరిచారు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఈ సంస్థ ఒక ప్లాను తయారుచేసింది. మూడు పెద్ద రోడ్ల మీద వేగంగా నడిచే బస్సులు, ఆన్ ఆర్బర్ నుంచి డెట్రాయిట్‌కు రైలు, కౌంటీ సరిహద్దులు దాటి పోయే బస్సులు. 20 ఏళ్ళకు మొత్తం సుమారు 460 కోట్ల డాలర్లు. ఇందుకు ఆస్తి పన్ను కొద్దిగా పెంచాలి. పన్ను లెక్క ప్రకారం లక్ష డాలర్ల విలువ కట్టిన ఇంటికి ఏడాదికి 120 డాలర్లు. దీని మీద 2016 నవంబరు 8న జనాన్నే ఓటడిగారు.

సోదరులారా, అక్కడి వాదోపవాదాలు మనం శ్రద్ధగా వినవలసినవి.

కావాలన్నవారి మాట ఇది. "శివార్లలో పనివాళ్ళు దొరకడం లేదంటున్నారు, ఊళ్ళో పని దొరకడం లేదంటున్నాం. నడుమ ఉండవలసింది బస్సు. చదువుకున్న పిల్లలు షికాగోకు పోతున్నారు, కారు లేకుండా బతకగల ఊరు వాళ్ళకు కావాలి. ముసలివాళ్ళు కారు నడపలేని రోజున ఆసుపత్రికి ఎలా పోతారు?"

వద్దన్నవారి మాట ఇది. "మా ఇంటి ముందుకు బస్సు రాదు, పన్ను మాత్రం వస్తుంది. గుంటలు పడ్డ రోడ్లు ముందు బాగుచెయ్యండి. పెన్షను మీద బతికేవాళ్ళం, ఎన్ని పన్నులు కడతాం? 1976 నుంచీ చూస్తున్నాం, ఇచ్చిన డబ్బుతో ఏం కట్టారో! డ్రైవరు లేని కార్లు రాబోతుంటే 20 ఏళ్ళ బస్సు ప్లాను దేనికి?"

వీళ్ళను దుర్మార్గులని తేలిగ్గా తీసెయ్యకూడదు. ఆ అనుమానం వెనుక కొంత జాతిభేదం ఉందన్న విమర్శ అక్కడ బలంగానే ఉంది, అది కొట్టిపారేసేదీ కాదు. కాని డబ్బు ఒకసారి వృథా కావడం కళ్ళారా చూసినవాడు రెండోసారి జేబు తడుముకోవడం సహజం. పీపుల్ మూవర్ చేసిన పెద్ద నష్టం 20 కోట్ల డాలర్లు కాదు, జనం నమ్మకం పోవడం.

ఓట్లు లెక్కపెట్టారు. నాలుగు కౌంటీల్లోనూ కలిపి సుమారు 18 వేల ఓట్ల తేడాతో ప్లాను ఓడిపోయింది. డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీ, ఆన్ ఆర్బర్ ఉన్న వాష్టెనా కౌంటీ సరేనన్నాయి. ఓక్‌లాండ్ కొద్దిలో కాదన్నది, మెకోంబ్ గట్టిగా కాదన్నది. 2018 జనవరిలో అమెజాన్ కంపెనీ తన రెండవ కేంద్రానికి 20 ప్రాంతాల జాబితా ప్రకటిస్తే, అందులో డెట్రాయిట్ పేరు లేదు. పనితనం తెలిసిన మనుషుల కొరతతోబాటు రవాణా లోపం కూడా కారణమేనని అక్కడ చాలా చర్చ జరిగింది.

మరి కథ అక్కడితో ఆగిందా? ఆగలేదు. 2018లో శివారు బస్సు సంస్థ పట్టాలూ, స్టేషన్లూ ఏమీ లేకుండా, ఆ మూడు పెద్ద రోడ్ల మీదే తక్కువ చోట్ల ఆగే "ఫాస్ట్" బస్సులు వేసింది. నగరం నుంచి శివార్లకూ, విమానాశ్రయానికీ సూటిగా పోతాయి. ఆర్భాటం లేని పని. కాని రోజూ టైముకు వచ్చే బస్సును చూస్తే జనానికి నమ్మకం కుదురుతుంది. 2022 నవంబరులో, ఆరేళ్ళ కిందట కాదన్న ఓక్‌లాండ్ కౌంటీయే, కౌంటీ అంతటికీ వర్తించే రవాణా పన్నుకు ఓటు వేసింది. "మా ఊరికి వద్దు" అని తప్పుకునే వీలు అక్కడ పోయింది. నోవై, రోచెస్టర్ హిల్స్ కూడా ఆ కౌంటీలోవే. 1988లో మూతపడి శిథిలమైన పెద్ద రైల్వే స్టేషనును ఫోర్డు కంపెనీ 2018లో కొని, బాగుచేసి, 2024 జూన్‌లో తెరిచింది. తెరిచిన రోజున అందులో ఆఫీసులున్నాయి గాని రైలు మాత్రం లేదు! 2023లో నగర జనాభా స్వల్పంగా పెరిగిందని లెక్కలొచ్చాయి. 1957 తర్వాత అలా పెరగడం అదే మొదటిసారి. ఆ పెరుగుదల బస్సుల వల్లనే అని నేననను. ఇళ్ళు, పన్నులు, కొత్త ఫ్యాక్టరీలు, పోలీసు, బడి అన్నీ కలిస్తేనే ఊరు లేస్తుంది.

ఈ మొత్తం కథలో నాకు తోచిన సారం ఒక్కటే. రవాణా మీద ఎంత ఖర్చుపెట్టారన్నది రెండవ ప్రశ్న. పొద్దున్నే పనికి పోయేవాడి గుమ్మానికీ, పని ఉన్న చోటుకీ మధ్య ఆ ఖర్చు దారి వేసిందా అన్నది మొదటి ప్రశ్న. కంటికి ఇంపైన రైలు నడిబొడ్డున తిరిగితే ఊరికి ఫోటో వస్తుంది. పనివాడికి జీతం రావాలంటే, అతని షిఫ్టు టైముకు బస్సు రావాలి.

ఇక మన సంగతికి వస్తాను. మన సొసైటీ స్కాలర్‌షిప్పులిస్తోంది, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిస్తోంది, కుర్రవాళ్ళను ఐ.టి.ఐ.లో చేర్పిస్తోంది. చాలా మంచిది. సర్టిఫికెట్టు చేతికిచ్చి చప్పట్లు కొట్టాక ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? పారిశ్రామికవాడకు. ఎలా పోవాలి? తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచీ ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేని ప్రయాణం మొదలయింది. ఇది గొప్ప మేలే. కాని మన బస్తీకి ఆరు గంటలకు బస్సే రాకపోతే ఉచితమై ఏం లాభం? రెండు షేర్ ఆటోలు మారి, సగం కూలి దారిలోనే ఖర్చుపెట్టి, చీకటిపడ్డాక ఎలా తిరిగి వస్తుందోనని తల్లి గుమ్మంలో నిలబడుతుంది. నాలుగో నెలలో ఆ పిల్ల పని మానేస్తుంది. "మనవాళ్ళు పనికి రారు, నిలవరు" అని సూపర్‌వైజరు రాసుకుంటాడు. నిలవనిది పిల్ల కాదు, దారి.

అందుచేత ఒక చిన్న మనవి. రాబోయే రెండు నెలల్లో మన సభ్యుల ఇళ్ళల్లో పనికి పోయేవారు ఎందరు, ఎక్కడికి, ఏ టైముకు, ఎంత ఖర్చుతో పోతున్నారో ఒక పుస్తకంలో రాద్దాం. యువజన విభాగం కుర్రవాళ్ళు పూనుకుంటే నాలుగు ఆదివారాల పని. ఆ లెక్కతో డిపో మేనేజరుగారి దగ్గరకు వెళదాం. మన ఒక్కరి తరఫునే కాదు, పక్క బస్తీవారినీ, కార్మిక సంఘాలవారినీ, ఫ్యాక్టరీ యజమానులనూ కలుపుకుని వెళదాం. బస్సు ఎక్కేవాడి పేటను బట్టి, కులమతాలను బట్టి రాదు. వస్తే అందరికీ వస్తుంది, లేకపోతే ఎవరికీ రాదు. తమ పొలిమేర దాకానే చూసుకోవడం వల్ల డెట్రాయిట్ ప్రాంతం 40 ఏళ్ళు పోగొట్టుకుంది. మనకు పోగొట్టుకోవడానికి అన్ని ఏళ్ళు లేవు, మన పిల్లలకు ఇప్పుడే పాతికేళ్ళు వస్తున్నాయి.

ఆ పుస్తకంలో మొదటి పేరు రాసేందుకు ఎవరైనా ఇప్పుడే ముందుకు వస్తే, కలం నా జేబులోనే ఉంది.

ఖుదా హాఫిజ్.