ముగ్గుపిండితో ఒక చెట్టు
(క్షేత్రస్థాయి కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్ళో ఆడవాళ్ళతో సమావేశం పెడితే సమస్యలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. నీళ్ళు, కూలి, తాగుడు, అప్పు, పిల్ల పెళ్ళి. అన్నీ నిజమే. రెండు గంటలయ్యాక ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. మన నోటు పుస్తకంలో ఒక జాబితా మిగులుతుంది. ఆ జాబితా నుండి ఆలోచనలోకి వెళ్ళడానికి పనికొచ్చే ఒక చిన్న బొమ్మ గురించి చెబుతాను. దాన్ని సమస్యల చెట్టు అంటారు. 1980లలో జర్మనీ అభివృద్ధి సంస్థ జి.టి.జెడ్. ప్రాజెక్టుల కోసం వాడిన ప్రణాళికా పద్ధతిలో ఇదొక భాగం. ఆఫీసుల్లో వాడిన బొమ్మే అయినా వాకిట్లో ముగ్గుపిండితో హాయిగా గీయవచ్చు.

మాను సమస్య. వేళ్ళు కారణాలు. కొమ్మలు ఫలితాలు. ఒక్కో వేరు దగ్గర ఆగి "ఎందుకు?" అని అడగాలి. వచ్చిన జవాబును దాని కింద ఇంకో వేరుగా గీయాలి. చదువు రానివాళ్ళుంటే అక్షరాలకు బదులు రాయి, ఆకు, గాజు ముక్క పెట్టవచ్చు.

ఒక ఊళ్ళో ఎనిమిదో తరగతి కాగానే ఆడపిల్లలు బడి మానేస్తున్నారు. మాను దగ్గర అదే పెట్టాం. వేరు దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే మాట, పేదరికం. నేనూ తలూపి రాసుకున్నాను. అప్పుడొక పెద్దావిడ, "మగపిల్లగాడు గా ఇంట్లనే పుట్టిండు గద బిడ్డా, వాడెట్ల పోతున్నడు బడికి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పక్కనే మగపిల్లవాడి చదువుకు ఇంకో చెట్టు గీశాం. పేదరికం రెంటి కిందా ఉంది. ఆడపిల్ల చెట్టుకు మాత్రమే ఉన్న వేళ్ళు అప్పుడు బయటపడ్డాయి. హైస్కూలు పక్క ఊళ్ళో ఉంది. సాయంత్రం బస్సు లేదు. దారిలో కుర్రాళ్ళ అల్లరి. ఇంట్లో తమ్ముణ్ణి చూసుకునే పని. ఎక్కువ చదివిస్తే ఎక్కువ కట్నం ఇవ్వాలన్న లెక్క. ఏదన్నా జరిగితే మాట పడేది తల్లే అన్న భయం.

చట్టాలను కూడా ఈ చెట్టు పక్కన పెట్టి చూడండి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ళ వరకే హామీ ఇస్తుంది. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండేదాకా ఆడపిల్లకు పెళ్ళి చేయకూడదు. మధ్యలో ఉన్న నాలుగేళ్ళు ఆ పిల్ల ఎక్కడుండాలి? కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలను 2018 నుండి పన్నెండో తరగతి దాకా పెంచే వీలు కల్పించారు. మంచిదే. అయితే సీటు దొరకడం వేరు, హక్కు ఉండడం వేరు.

వేళ్ళన్నీ ఒక్కరోజులో పెకలించలేం. అందుకే మూడు రకాల గుర్తులు పెట్టండి. కుర్రాళ్ళ తల్లిదండ్రులతో మాట్లాడడం లాంటివి మనమే చేయగలం. బస్సు వేళ, బడిలో మరుగుదొడ్డి అధికారులను నిలదీసి సాధించుకోవాల్సినవి. కట్నం, పరువు పేరుతో ఆడపిల్ల మీద వేసిన బరువు దీర్ఘకాలం పోరాడాల్సినవి. ఆ ఊరి ఆడవాళ్ళు బస్సుతో మొదలుపెట్టారు. డిపోకు వెళ్ళి తమ పేదరికం గురించి చెప్పుకోలేదు, సాయంత్రం అయిదింటికి బస్సు కావాలన్నారు.

కొన్ని జాగ్రత్తలు. కారణం, ఫలితం ఎప్పుడూ విడివిడిగా ఉండవు. అక్క పెళ్ళికి చేసిన అప్పు చెల్లెలి బడి మాన్పిస్తుంది. మర్రి ఊడలా కొమ్మే కిందికి దిగి వేరవుతుంది. దాన్నీ గీయండి. ముగ్గుపిండి ఎవరి చేతిలో ఉందో చూడండి. దళితవాడ ఆడవాళ్ళు అంచున నిలబడి చూస్తుంటే ఆ చెట్టు ఊరందరిదీ కాదు. చివరగా, మన నివేదిక కోసం నకలు రాసుకుందాం కానీ అసలు బొమ్మను వాళ్ళ దగ్గరే ఉంచుదాం.

బొమ్మ దానంతటది ఏ సమస్యనూ తీర్చదు. కానీ ఆ రోజు నేల మీద చెట్టు లేకపోతే పెద్దావిడ ప్రశ్న వచ్చేది కాదు, నేను పేదరికం అని రాసుకుని బస్సెక్కేసేదాన్ని. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు నోటు పుస్తకం కాసేపు సంచిలోనే ఉంచండి.