తెరచాటు గళము

రంగస్థలమున పాడు నటికి తన కంఠమే తోడు. ఆ నాటకమే వెండితెర కెక్కినప్పుడు ఒకరి ముఖమునకు మరొకరి గళము జతపడుట అమెరికాలోను కలదు. అట్టి గళమొకదానిని నేడు స్మరింతము.

1956లో న్యూయార్కులో ‘మై ఫెయిర్ లేడీ’ ప్రదర్శింపబడినప్పుడు ఎలైజా పాత్ర ధరించి, పాటలు తానే పాడినది జూలీ ఆండ్రూస్. 1964లో అది చిత్రమైనప్పుడు ఆ పాత్ర ఆడ్రీ హెప్‌బర్న్‌కు లభించినది. కాని అందు మనము వినెడి ఎలైజా గానములో అధికభాగము మార్నీ నిక్సన్‌ది. 1956లో ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కును, 1961లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటాలీ వుడ్‌కును గళమిచ్చినది ఆమెయే. ఆ చిత్రములు విడుదలైననాడు తెరపై ఆమె పేరు లేదు. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టీన్ మాత్రము తన రాబడిలో స్వల్పభాగమును ఆమెకు పంచియిచ్చినాడు.

1965లో ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో సన్న్యాసినిగా ఆమె ముఖమును లోకము చూచినది. 2016లో ఆమె మరణించినది.

గాయకుల పేరు చెప్పి పాట వినిపించుట మన రేడియోకు అలవాటు. ముఖము చూడకయే గళమును గుర్తించు శ్రోతలము మనము. ఆ పేరు మరువకుండుట మనకు తగిన పని గదా!