బల్ల మీదికి వచ్చిన బిల్లు

(కోల్‌కతాలో జరిగిన మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

నిర్వాహకులు నన్ను 'ఖాతాదారుల ఫిర్యాదులు - మన బాధ్యత' అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆదివారం పూట ఆ పేరుతో మాట్లాడితే ఈ హాల్లో నేనూ మైకూ మిగులుతాం. అందుకని వారి అనుమతితోనే, అదే విషయాన్ని ఒక హోటల్ బల్ల దగ్గర నుంచి చెబుతాను. పదకొండేళ్ళుగా ఫిర్యాదులు తీసుకునే కుర్చీలో కూర్చున్నవాడిని. మొన్న డిసెంబరులో మా ఇంటివాళ్ళే ఫిర్యాదు చేశారు. అటువైపు నుంచి చూస్తే విషయం వేరేగా ఉంది.

మా అమ్మాయికి సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం పడిన వారం, "నాన్నా, ఈసారి మీరెవరూ పర్సు తీయకూడదు, అందరినీ నేనే తీసుకెళ్తాను" అంది. మా అమ్మ, నా భార్య, నేను, అమ్మాయి - నలుగురం. అది క్రిస్మస్ దీపాల వారం. పార్క్ స్ట్రీట్ ఆ రోజుల్లో ఎలా ఉంటుందో ఇక్కడున్న వారికి చెప్పనక్కర్లేదు. మదర్ థెరిసా సరణి అని పేరు మార్చి ఇరవై ఏళ్ళు దాటినా టాక్సీవాడికి పార్క్ స్ట్రీట్ అంటేనే తెలుస్తుంది. ఫ్లూరీస్ 1927 నుంచి ఉంది. ట్రింకాస్‌లో 1969లో ఉషా ఉతుప్ పాడటం మొదలుపెట్టారు. చీర కట్టుకుని నైట్‌క్లబ్‌లో పాడటం అప్పట్లో పెద్ద వింత. మొకాంబో, పీటర్ క్యాట్ ముందు ఇప్పటికీ జనం వరస కట్టి నిలబడతారు. మేము వెళ్ళింది ఈ పాత పేర్లలో దేనికీ కాదు. ఆ చుట్టుపక్కలే, ఈమధ్య తెరిచిన స్టేక్‌హౌస్ ఒకటి. పేరు చెప్పను. చెప్పాల్సిన చోట అమ్మాయే చెప్పింది.

స్టేక్ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. మన మటన్ కూరలాంటిది కాదు. కూరకు ఎముకతో సహా ముక్కలు కొట్టించి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం, మసాలా పట్టించి, మెత్తబడే దాకా ఉడికిస్తాం. ముక్క కాస్త ముదురైనా పులుసు దాన్ని కాపాడుతుంది. స్టేక్‌కు అలాంటి అండ ఏదీ లేదు. మాంసాన్ని కండ పోగులకు అడ్డంగా, వేలు మందాన కోసి, ఉప్పూ మిరియాలూ వేసి, బాగా కాగిన పెనం మీద రెండు పక్కలా కాలుస్తారు. పైన గోధుమరంగు పెచ్చు కట్టి మంచి వాసన వస్తుంది. ఆ మార్పును 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మెయార్ పేరే దానికి పెట్టారు. మన అట్టు అంచు ఎర్రగా కాలినప్పుడు వచ్చే వాసనా ఆ కుటుంబంలోదే. లోపల ఎంత కాలాలన్నది తినేవాళ్ళు చెబుతారు. 'మీడియం' అంటే లోపల అరవై డిగ్రీల దగ్గర, ఇంకా గులాబీ రంగు ఉండగానే దించాలి. డెబ్భై దాటితే రసం ఇంకిపోయి ముక్క బిరుసెక్కుతుంది. దించాక కూడా కాసేపు ఆగి వడ్డించాలి, లేకపోతే కత్తి పెట్టగానే రసమంతా పళ్ళెంలోకి కారిపోతుంది. అంటే ఆ పళ్ళేనికి వాళ్ళు వేసే ధరలో సగం మంచి కోతకైతే, మిగతా సగం వంటవాడి రెండు నిమిషాల శ్రద్ధకు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. తక్కువ కాలిన ముక్కను మళ్ళీ కాల్చవచ్చు. ఎక్కువ కాలినదాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. కొత్త ముక్క పెట్టాల్సిందే.

విదేశాల్లో స్టేక్ అంటే ఎక్కువగా ఎద్దు మాంసం. ఇక్కడ ఎవరి తిండి వారిది, ఆ చర్చ మనకు వద్దు. మా అమ్మాయి గొర్రె మాంసం స్టేక్, మీడియం అని చెప్పింది. మా ఆవిడ భేట్కీ స్టేక్ అంది. భేట్కీ అంటే మన పండుగప్పే. మాది కైకలూరు దగ్గర పల్లెటూరు, అప్పట్లో కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. మా వైపు చెరువుల్లో పెరిగిన శీలావతీ బొచ్చే ఐసులో పడుకుని లారీల్లో హౌరా మార్కెట్‌కు వస్తాయని మీకు తెలుసు. ఇక్కడ చేపలబజారులో ఎవరైనా 'ఆంధ్రా మాల్' అని ముక్కు విరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి మరోసారి. నేను చికెన్ చెప్పాను. మా అమ్మ, నాన్నగారు పోయినప్పటి నుంచి నీచు ముట్టదు. ఆవిడకు 'వెజిటబుల్ స్టేక్' ఉందన్నారు.

ముందు శబ్దం వచ్చింది. తర్వాత పొగ. చెక్కపీట మీద కాల్చిన ఇనప పళ్ళెం, దాని మీద వెన్న పోసి చుయ్‌మనిపించి తెస్తే చుట్టుపక్కల బల్లలవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. చూడటానికి బాగానే ఉంది. కానీ నా లెక్కలో ఆ చుయ్‌చుయ్ స్టేక్‌కు శత్రువు. మీడియంలో దించిన ముక్క కూడా ఆ పళ్ళెం మీద కాలుతూనే ఉంటుంది. అమ్మాయి కత్తి పెట్టింది. కత్తి దిగలేదు. రంపంలా రెండుసార్లు లాగాక ఒక మూల ఊడింది. లోపలంతా బూడిద రంగు.

భేట్కీ మీద పిండి సాసు పోశారు, దాని కింద చేప ఉందని నమ్మి తినాలి. నా చికెన్ గురించి చెప్పుకునేంత ఏమీ లేదు. మా అమ్మకు వచ్చింది క్యాబేజీ ఆకు మీద ఉడకబెట్టిన క్యారెట్టూ బీన్సూ, నడుమ ఒక కట్లెట్టూ. ఎనిమిది వందల యాభై రూపాయలు. ఆవిడ పక్కనున్న బంగాళాదుంప ముద్ద మాత్రం తిని, "ఇది బాగుందే, కాస్త ఇంగువ పోపు పడి ఉంటే ఇంకా బాగుండేది" అంది.

అమ్మాయి వెయిటర్‌ను పిలిచి, నేను మీడియం అడిగాను, ఇది బాగా ఎక్కువ కాలింది, మార్చండి అని మర్యాదగానే చెప్పింది. పెద్దాయన, యాభై దాటి ఉంటాయి, "సారీ మేడమ్" అని తీసుకెళ్ళాడు. పది నిమిషాల్లో పళ్ళెం తిరిగి వచ్చింది. పైన మిరియాల సాసు నిండుగా ఉంది. అమ్మాయి ఫోర్కుతో ఆ సాసు పక్కకు తోసింది. ముక్కకు ఒక మూల లేదు. ఇందాక తను కోసిన మూలే. మన ఆడిట్‌వాళ్ళు ఇలాంటివి పట్టుకుంటే ఎంత సంతోషిస్తారో! నాకు నవ్వొచ్చింది గానీ అమ్మాయికి రాలేదు.

అప్పుడు మేనేజర్ వచ్చాడు. కుర్రవాడు, మంచి సూటు. ఒక్క కఠినమైన మాట అనలేదు. మా అమ్మ చీర కొంగు, ఆవిడ చేత్తో తింటున్న బ్రెడ్డు, మా నలుగురినీ ఒకసారి చూసి, ఇంగ్లీషులో చాలా మెత్తగా అన్నాడు: "స్టేక్ ఇలాగే ఉంటుంది మేడమ్. మొదటిసారి తినేవాళ్ళకు అలవాటు ఉండదు."

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. "ఏమంటున్నాడే?" అని అడిగింది. అమ్మాయి, "ఏం లేదు నానమ్మా, ఇంకేమైనా కావాలా అని అడుగుతున్నాడు" అంది. "ఏమీ వద్దని చెప్పు, పాపం" అంది మా అమ్మ. ఆ 'పాపం' అన్నమాట దగ్గర అమ్మాయి కళ్ళు తిప్పేసుకుంది. ఆ మొదటి జీతం కోసం ఆ పిల్ల ఎన్ని నెలలు ఎదురుచూసిందో మాకు తెలుసు.

తర్వాత బిల్లు వచ్చింది. మనవాళ్ళంతా లెక్కల మనుషులు కాబట్టి అంకెలు చెబుతాను. తిండీ, రెండు సూపులూ, అడగకుండానే మూత తీసిన రెండు నీళ్ళ సీసాలూ కలిపి 5,800. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి, 580. ఈ రెండూ కలిపిన 6,380 మీద అయిదు శాతం జీఎస్టీ, 319. మొత్తం 6,699.

నీళ్ళ సీసా ధర గురించి చాలామంది పొరబడతారు. సీసా మీద అచ్చయిన ధర కన్నా ఎక్కువ తీసుకోవడం హోటళ్ళకు నేరం కాదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కూర్చోబెట్టి వడ్డించే చోట అది ఉత్త సరుకు అమ్మకం కాదని దాని అర్థం. కాబట్టి దాని మీద పోట్లాడకండి. సీసా మూత తీయకముందే మామూలు నీళ్ళు అడగండి. జీఎస్టీ ప్రభుత్వానిది. బిల్లు మీద పదిహేను అక్షరాల నంబరు ఉంటుంది, ఇక్కడైతే 19తో మొదలవుతుంది, మన ఆంధ్రాలో 37, తెలంగాణలో 36. సర్వీస్ చార్జి మాత్రం ఏ ప్రభుత్వానిదీ కాదు. పన్ను పక్కన కూర్చుని పన్నులా కనిపిస్తుంది, అంతే.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న స్పష్టంగా మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ చార్జిని దానంతట అది బిల్లులో చేర్చకూడదు. వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు. ఇష్టమైతే ఇచ్చేదని ఖాతాదారుకు చెప్పాలి. దాన్ని కలిపి, ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి కొంతకాలం నిలుపుదల తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న ఆ కోర్టు మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు ఇచ్చి, వెళ్ళిన రెండు సంఘాలకూ చెరో లక్ష ఖర్చులు వేసింది. వాళ్ళు అప్పీలుకు కూడా వెళ్ళారు, అది వేరే సంగతి.

అమ్మాయి ఆ తీర్పు వార్తను ఫోన్లో చూపించి, ఈ 580 తీసేయండి అంది. మెనూ చివరి పేజీలో రాసి ఉంది, ఇది మా పాలసీ అన్నాడు మేనేజర్. నేను మధ్యలో దూరలేదు. డబ్బు దానిది, వాదనా దానిదే. ఒక్కటే చెప్పాను, "బిల్లు ఫొటో తీసుకో, మెనూ చివరి పేజీది కూడా." డబ్బు కట్టేసి బయటికి వచ్చాం. వెయిటర్ పెద్దాయన తలుపు దగ్గర మా అమ్మకు చెయ్యి అందించి మెట్లు దింపాడు. అమ్మాయి ఆయన చేతిలో వంద రూపాయలు పెట్టింది. అదీ సర్వీస్ చార్జే కదా, మనసుపడి ఇచ్చింది.

మర్నాడు 1915కు ఫోను చేసింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, ఆ నంబరు ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. ముందు నా చేత ఫిర్యాదు దిద్దించుకుంది. మొదటి ప్రతి రెండు పేజీలు. స్టేక్ బిరుసు, ఊడిన మూల, మేనేజర్ చూపు, నానమ్మ 'పాపం' అనడం, అన్నీ ఉన్నాయి. నేను వృత్తిధర్మంగా కొట్టేస్తూ పోయాను. తేదీ, బిల్లు నంబరు, చేర్చిన మొత్తం, తీసేయమని అడిగితే నిరాకరించారన్న మాట, తిరిగి రావాల్సింది ఎంత. 580, దాని మీద వేసిన జీఎస్టీ 29, వెరసి 609. నాలుగు లైన్లు మిగిలాయి. అమ్మాయి ఆ కాగితం చూసి, "నాన్నా, నాకు కోపం వచ్చిన విషయం ఇందులో ఒక్కటీ లేదు" అంది.

నిజమే, లేదు. ఉంటే తేలదు కూడా. మాంసం బిరుసుగా ఉందని రుజువు చేయడం కష్టం. జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు, 2019 చట్టం ప్రకారం మనం నివసించే ఊళ్ళోనే వేయవచ్చు, రెండేళ్ళ గడువు ఉంటుంది, అయిదు లక్షల లోపు ఫీజు కూడా లేదు. కానీ ఒక చూపుకు అక్కడ ఏ కాలమ్ ఉంది? మన రిజిస్టర్లో మాత్రం ఉందా? నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో 'అడగకుండా లోనుతో పాటు బీమా కట్టించారు' అన్నది తరచుగా వస్తుంది. మనం ప్రీమియం అంకె చూస్తాం, సంతకం ఉందో లేదో చూస్తాం. సంతకం ఉంటే ఫైలు మూస్తాం. మెనూ చివరి పేజీలో రాసి ఉందన్న మేనేజర్‌కూ నాకూ ఆ క్షణంలో పెద్ద తేడా ఉందని నేను అనుకోవడం లేదు. ఈమధ్య అలాంటి ఫిర్యాదు వస్తే, ఫైలు తెప్పించే ముందు ఆ మనిషికే ఫోను చేసి, ఆ రోజు కౌంటర్లో ఎవరు ఏమన్నారని అడుగుతున్నాను. పోయిన నెల ఒకాయన ప్రీమియం సంగతి పక్కన పెట్టి, "నన్ను అరగంట నిలబెట్టి కుర్రవాడితో ముందు మాట్లాడారు సార్" అన్నాడు. దాన్ని ఏ కాలమ్‌లో రాయాలో తెలియక 'ఇతరములు' కింద రాశాను.

పదకొండో రోజున 609 రూపాయలు అమ్మాయి ఖాతాలో పడ్డాయి. దాంతోపాటు ఒక ఈమెయిలూ, తర్వాతిసారి వస్తే వెయ్యి రూపాయలు తగ్గిస్తామని కూపనూ వచ్చాయి. స్టేక్ గురించి అందులో ఒక్క అక్షరం లేదు. కూపన్ గడువు మార్చి ఆఖరుకు ముగిసింది. ఎవరికైనా ఇద్దామంటే అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ 609తో గరియాహాట్‌లో నానమ్మకు ఒక శాలువా కొంది. తక్కువపడిన నలభై రూపాయలు నా దగ్గర తీసుకుంది, ఇంకా ఇవ్వలేదు.

చాలాసేపు తిండి గురించే మాట్లాడి మీకు ఆకలి పెంచాను. కింద పులిహోర, దద్ధోజనం సిద్ధంగా ఉన్నాయని కార్యదర్శిగారు ఇందాకటి నుంచి సైగ చేస్తున్నారు. పోపు పడింది, వాసన ఇక్కడికే వస్తోంది.